పిల్లగాలియు విద్యుచ్ఛక్తియు



హైదరాబాదు పాతబస్తీలో చార్మినారు చెంత జపమాలల నమ్ము అంగళ్లు గలవు. పసుపువన్నె పూస నొకదానిని చూపి పేరడిగినచో వర్తకుడు ‘కహ్రుబా’ యనును. పారసీకమున కాహ్ అనగా గడ్డిపరక, రుబా అనగా అపహరించునది. పూసను ఉన్నిబట్టపై రుద్ది పరక చెంత బట్టినచో పరక యెగిరి దాని నంటుకొనును. సంస్కృతమున దీనిని తృణమణి యందురు. అరబ్బులు నేడు విద్యుత్తునకే కహ్రబా యని పేరు పెట్టుకొనిరి.

ఆ పరకను లాగిన శక్తియే నేటి నా ప్రసంగవిషయము. రెండు భిన్నపదార్థములు తాకి విడిపోవునప్పుడు ఒకదానిపై ఋణవిద్యుత్తు, రెండవదానిపై ధనవిద్యుత్తు నిలుచును. దీనిని ఘర్షణవిద్యుత్తందురు గాని, రుద్దవలసిన పనియే లేదు, తాకిన చాలును. వాని వెనుక లోహపు రేకులనంటించి తీగతో కలిపినచో, అవి దగ్గరకు వచ్చినపుడెల్ల విద్యుత్తు ఒకవైపునకు, దూరమైనపుడెల్ల రెండవవైపునకు ప్రవహించును. ఇట్టి యంత్రమును 2012లో అమెరికాలోని జార్జియా సాంకేతిక విద్యాసంస్థలో ఝోంగ్ లిన్ వాంగ్ అను ఆచార్యుడును ఆయన సహచరులును ప్రకటించిరి.

దానికిని గాలికిని సంబంధమేమి? రాయలసీమలో రామగిరి కొండలపై గాలిమరలను మీలో కొందరు చూచియే యుందురు. గాలి వేగము సగమైనచో దానియందలి శక్తి యెనిమిదవపాలునకు దిగును. సెకనునకు సుమారు 3 మీటర్లకంటె తక్కువ గాలికి పెద్దమరలు కదలనే కదలవు. శాలిబండ సందులలో వీచునది అట్టి పిల్లగాలియే. అయినను సంక్రాంతినాడు మిద్దెపై నిలిపిన గాలిపటపు తోక ఆ గాలికే రెపరెపలాడుట లేదా? 2020లో బీజింగులో యా యాంగ్ అను శాస్త్రజ్ఞుని బృందము ఒక గొట్టములో రెండు ప్లాస్టిక్ పట్టీలనమర్చెను. సెకనునకు 1.6 మీటర్ల గాలికే అవి చప్పట్లు కొట్టినట్లు తాకుచు విడిపోవుచు విద్యుత్తు నిచ్చినవి. నూరు చిన్నదీపములు వెలిగినవట. అవి మినుకుమను దీపములే సుమా! గాలిలోని శక్తిలో నూటికి సుమారు మూడుపాళ్లే విద్యుత్తుగా మారినది. దీనితో బావిమోటారు తిరుగునని యెవరైన చెప్పి సొమ్మడిగినచో ఈయకుడు.

మరి ప్రయోజనమేమి? ఆ యేడే అక్టోబరులో గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీలోని హాఫిజ్ బాబా నగరు ఇండ్లలోనికి నీరు జొచ్చినది. అట్టి కట్టపై నీటిమట్టమును కనిపెట్టి, గంటకొకమారు వార్త పంపు చిన్నపరికరమునకు కావలసిన విద్యుత్తు అత్యల్పము. గాలి యిచ్చినదానిని కొంచెము కొంచెముగ కూడబెట్టినచో, బ్యాటరీ మార్చుటకై మనిషి మాటిమాటికి పోనక్కరలేకుండవచ్చునని నా యూహ.

చిక్కొకటున్నది. తేమ సోకినచో పట్టీలపై విద్యుత్తు నిలువదు. వానకాలమున చెరువు నిండునప్పుడే పరికరము అవసరము, అప్పుడే యంత్రము నీరసించును! ధూళియు, అరుగుదలయు వేరు. పట్టీలను తేమ చొరని డబ్బాలో మూసి, బయట రెక్క నొకదానిని గాలికూపి, ఆ కదలికను అయస్కాంతముల ద్వారా లోనికి పంపవచ్చును. కాని అందువలన కొంత శక్తి నష్టమగును, పిల్లగాలికి ఆ బరువు మోయుటయు కష్టమే. ప్రయోగశాలలోని నూరు దీపములు నాకు చాలవు. గుర్రం చెరువు కట్టపై ఒక వానకాలమంతయు నిలిచి వార్త పంపినగాని నేను దానిని నమ్మను.