తడబడు కారు – మీటరు సాక్ష్యము

ప్రొద్దుటూరినుండి జమ్మలమడుగునకు పోవు దారిలో నాపబండల లారీ ఒకటి ముందు పోవుచుండును. దానిని దాటుటకై కారు నడుపువాడు ఎక్సలేటరును త్రొక్కును. బండి ఒక్క క్షణము వెనుకాడి, పిమ్మట ఒక్కసారిగా ముందుకు దూకును. ఎదుటనుండి బస్సు వచ్చుచున్నచో ఆ ఒక్క క్షణమే ప్రాణముమీదికి తెచ్చును. పెట్రోలు కల్తీ యనియు, ప్లగ్గులు మసిపట్టిన వనియు, పంపు బలహీనపడిన దనియు తలకొక మాట చెప్పుదురు. ఇవన్నియు జరుగదగినవే. కాని ఎక్సలేటరు ఒకే చోటికి వచ్చినపుడెల్ల తడబాటు కలుగుచున్నచో అనుమానింపవలసినది వేరొకటి కలదు. అది థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ అను చిన్న పరికరము.

వెనుకటి అంబాసిడరు, ఫియట్టు కార్లలో ఇది లేదు. కార్బురేటరు గుండా పోవు గాలియే తనకు కావలసిన పెట్రోలును లాగుకొనెడిది. ఇంజెక్షను బండ్లలో ఎంత పెట్రోలు చిమ్మవలెనో కంప్యూటరు నిర్ణయించును. గాలిదారిలోని రేకు ఎంత తెరచుకొన్నదో దానికి తెలుపునది ఈ సెన్సరే. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజి 6 నిబంధనలు దేశమంతటను అమలులోనికి వచ్చిన పిమ్మట చాల మోటారు సైకిళ్ళకు సైతము ఇది అవసరమైనది.

ఇది పనిచేయు తీరునకు మా వృత్తికి దగ్గరి ఉపమానమే చెప్పెదము. పాత రేడియో పెట్టెలో శబ్దమును హెచ్చించు మీటను త్రిప్పునపుడు ఒకానొక చోట గరగరమను ధ్వని రావడము శ్రోతలెరిగినదే. ఆ మీటలోపల విల్లువలె వంగిన బొగ్గుపూత బాట యొకటి, దానిపై రాచుకొనుచు తిరుగు లోహపు నాలుక యొకటి ఉండును. ఎక్కువగా రాచుకొన్న చోట పూత అరిగి, నాలుక తాకిడి తప్పుటవలన ఆ గరగర పుట్టును. చాల కార్లలోని సెన్సరు సరిగా అట్టిదే. నిత్యము ఒకే వేగమున నడచు బాడుగ కారులో కాలు ఏచోట ఎక్కువసేపు నిలుచునో, బాట ఆచోటనే అరుగును. రేడియోలో గరగరతో పోయినది ఇచ్చట అంతటితో పోదు. తాకిడి తప్పగానే, కాలు తీసివేసిరి కాబోలునని కంప్యూటరు తలచి పెట్రోలును తగ్గించును.

పరీక్షకు సాధారణమైన మల్టీమీటరు చాలును. దానిని డి.సి. 20 వోల్టుల వద్ద నిలుపవలెను. బండిని న్యూట్రలులో నుంచి, చేతి బ్రేకు వేసి, తాళము త్రిప్పవలెను, ఇంజను నడపరాదు. సెన్సరు కనెక్టరును ఊడదీయక, వెనుకవైపున తీగ ప్రక్కగా సన్నని గుండుసూది జొనుపవలెను. తీగ తొడుగును పొడుచుట మంచిది కాదు. ఆ రంధ్రమున తేమ చేరి రాగి చెడును. మీటరు నల్లతీగ బ్యాటరీ మైనసుకు, ఎర్రతీగ సూదికి తగిలింపవలెను. సాధారణముగా నుండు మూడు తీగలలో ఒకటి సుమారు 5 వోల్టులు, ఒకటి ఇంచుమించు సున్న చూపును. మూడవది వార్త మోయు తీగ. రేకు మూసియున్నపుడు దానిపై 0.5 నుండి 1 వోల్టు, పూర్తిగా తెరచినపుడు 4.5 ప్రాంతమున కనబడును. కచ్చితమైన అంకెలు బండిని బట్టి మారును. 5 వోల్టులే రాకున్నచో దోషము సాధారణముగా తీగలలోనో కంప్యూటరులోనో యుండును. సున్న చూపవలసిన తీగ 0.1 వోల్టు దాటినచో భూమి సంబంధము సడలినదని అర్థము. ఇట్టి సందర్భములలో క్రొత్త సెన్సరు కొనుట డబ్బు దండుగ.

చాలమంది మొదటి అంకెను, చివరి అంకెను చూచి సెన్సరు బాగున్నదని తేల్చివేయుదురు. అసలు దోషము ఆ రెంటి నడుమ నుండును. ఎక్సలేటరును పది లెక్కించునంతసేపు మెల్లమెల్లగా త్రొక్కుచు మీటరును కనిపెట్టవలెను. వోల్టులు ఆగకుండ, దూకకుండ పెరుగవలెను. నడుమ ఎచ్చటనైన దిగ్గున పడిపోయినచో బాట అచ్చట అరిగినదే. అంకెల మీటరు సెకనుకు కొన్ని మారులు మాత్రమే తన లెక్కను మార్చును గనుక రెప్పపాటు లోపము దానికి చిక్కకపోవచ్చును. ఇందుకు పాత ముల్లు మీటరే మేలని మా అభిప్రాయము. లోపమున్న చోట ముల్లు ఉలికిపడును. త్రొక్కునపుడేగాక వదలునపుడును, రెండు మూడు మారులు చూడవలెను. కనెక్టరు తీగలను కొంచెము కదల్చియు చూడవలెను. వేసవి మధ్యాహ్నము పులివెందుల ఎండలో మొరాయించిన బండి, తెల్లవారుజామున షెడ్డులో నిర్దోషిగా కనబడవచ్చును. ఇంజను వేడిగానున్నపుడే పరీక్షించుట యుక్తము.

ఓముల పరీక్ష చేయువారు తాళము కట్టి, కనెక్టరు ఊడదీసి చేయవలెను. లేనిచో కొలత తప్పుటయేగాక మీటరుకును ముప్పు. అయస్కాంతముతో పనిచేయు క్రొత్తరకపు సెన్సర్లలో రాచుకొను బాటయే లేదు. వానికి ఓముల కొలత పనికిరాదు.

కేబులు లేని బండ్లలో రేకును మోటారు త్రిప్పును. దానిని వ్రేలితో నెట్టరాదు. లోపలి పళ్ళు చెడును. వానిలో వార్త తీగలు రెండుండును. చాల బండ్లలో ఒకటి పెరుగుచుండ రెండవది తగ్గుచు, రెండును కలిపి సుమారు 5 వోల్టులగును. నేటి డీజిలు బాడుగ కార్లలో ఎక్సలేటరు పెడలు వద్దనే ఇట్టి సెన్సరు కలదు. అచ్చట తరచుగా ఒక తీగ వోల్టులు రెండవదానిలో సగముండును. మెల్లగా త్రొక్కి చూచు పద్ధతి దానికిని చెల్లును.

సెన్సరు మార్చునపుడు స్క్రూల రంధ్రములు పొడవుగా నున్నచో, రేకు మూసియుండగా కంపెనీ చెప్పిన వోల్టు వచ్చువరకు దానిని జరిపి బిగింపవలెను. కంప్యూటరులో నిలిచియున్న పాత దోషపు గుర్తును తుడిపించి, అదే మీటరుతో మరల ఒకసారి మొదటినుండి చివరివరకు కొలువవలెను.