గంట కొట్టకుండా ఉండగలరా?

తెరమీద హీరో ఒక్క పాటలో కండలు పెంచేసి కమెండో అయిపోతాడు! అసలు కథ అంత సులువు కాదు సుమా!

1997లో వచ్చిన 'జి.ఐ. జేన్' చూశారా? అందాల తార డెమీ మూర్ గుండు గీసుకుని, ఒంటిచేత్తో దండీలు తీసిన చిత్రం! అందులోని దళం కల్పితమేగాని, కఠోర శిక్షణకు నమూనా అమెరికా నౌకాదళంలోని 'సీల్' దళానిదే.

కాలిఫోర్నియాలో కొరొనాడో సముద్రతీరం. అక్కడ 'హెల్ వీక్' పేరుకు తగ్గ నరకమే! ఆదివారం మొదలై శుక్రవారం దాకా... అయిదున్నర రోజుల్లో నిద్ర మొత్తం నాలుగు గంటలే! చన్నీళ్ళు, ఇసుక, నెత్తిన రబ్బరు పడవ! ఇక నావల్ల కాదనుకుంటే ఇత్తడి గంట మూడుసార్లు కొట్టి వెళ్ళిపోవచ్చు. చాలామంది కొట్టేస్తారు కూడా!

మరి తయారయ్యేదెలా? నెలల ముందునుంచే పరుగు, ఈత, దండీలు కొంచెం కొంచెంగా పెంచుకోవాలి. ఒక్కసారిగా విరుచుకుపడితే కాలి ఎముకలే చిట్లుతాయి.

మనసుకి మందు వేరు. శుక్రవారం ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టేవాడు ముందే బెంబేలెత్తుతాడు. "వచ్చే భోజనం దాకా చాలు" అనుకునేవాడు నిలబడతాడు. ఆరేసి గంటలకోసారి తిండి మాత్రం పెడతారు లెండి!

ఒక్క హెచ్చరిక. 2022లో హెల్ వీక్ ముగించిన కొద్ది గంటలకే ఒక యువకుడు న్యుమోనియాతో కన్నుమూశాడు. పట్టుదల వేరు, జబ్బుని దాచుకోవడం వేరు.

సినిమాలో అయితే డూపు ఉంటాడు... ఇక్కడ ఉండడు మరి!