వాయిదా లెక్క తేలాకే యూనివర్సిటీ పేరు

సికింద్రాబాద్‌లో ఓ ప్రభుత్వ బ్యాంకు శాఖలో చదువు లోన్ల సీటు చాలా కాలం చూశాను. రిటైరయ్యాక కూడా తార్నాకలో మా ఇంటికి కాగితాల సంచీతో వచ్చే తల్లిదండ్రులు తగ్గలేదు. వాళ్లు వచ్చేది మాత్రం అమెరికా యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రం చేతికందాక, జూన్ నెలలో. ఆగస్టులో క్లాసులు. అప్పుడు మార్చగలిగేది చాలా తక్కువ. క్లాసులకు ఇంకా ఏడాదిన్నర ఉన్న కుటుంబాల కోసమే ఇది రాస్తున్నాను.

ముందు తేలాల్సింది నెల వాయిదా. 40 లక్షలు పదిన్నర శాతం వడ్డీకి తీసుకుని పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 54 వేలు. చదువు కాలంలోనూ, మామూలుగా ఆ తర్వాత ఏడాది దాకానూ వాయిదాలు ఉండవు. వడ్డీ మాత్రం డబ్బు విడుదలైన రోజు నుంచే మొదలవుతుంది. మొత్తం తీసుకున్నాక అది ఏడాదికి 4 లక్షల 20 వేలు. ఎప్పటికప్పుడు కట్టకపోతే అసలులో కలిసి వాయిదా ఇంకా పెరుగుతుంది.

అందుకే నేను అందరినీ ఒక్కటే అడుగుతాను: చదువయ్యాక విదేశంలో ఏడాది పాటు ఉద్యోగం దొరక్కపోతే, ఈ వాయిదా ఇక్కడి జీతంతోనో పెన్షన్‌తోనో కట్టగలరా? కట్టలేమంటే లోన్ తగ్గాలి. అంటే యూనివర్సిటీ మారాలి, అవసరమైతే దేశమే మారాలి. ఇంటి మీద అప్పుందన్న దిగులుతో పిల్లలు అక్కడ ఎలా నలిగిపోతారో వాళ్ల ఫోన్లలో విన్నాను. ఆ దిగులు వాళ్లకు పెట్టకండి.

తాకట్టు దగ్గర మన సికింద్రాబాద్ వాళ్లకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. ఏడున్నర లక్షలు దాటితే ప్రభుత్వ బ్యాంకులు సాధారణంగా ఆస్తి హామీ అడుగుతాయి. కంటోన్మెంట్‌లో పాత బంగళా ఉందని ధీమాగా వస్తారు. ఓల్డ్ గ్రాంట్ స్థలమైతే భూమి రక్షణ శాఖది, మనకున్న హక్కు కట్టడం మీదే. బ్యాంకు వకీలు అక్కడే ఆగిపోతాడు. శివార్లలో గ్రామపంచాయతీ లేఅవుట్‌లో కొన్న ప్లాటయితే క్రమబద్ధీకరణ కాగితం అడుగుతారు. తాతగారి పేరు మీదే ఉండిపోయిన అల్వాల్ ఇంటికి అన్నదమ్ములందరి సంతకాలూ కావాలి, వారిలో ఒకరు బెంగళూరులో ఉంటారు. లింకు డాక్యుమెంట్లు, ఈసీ, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ పూర్తయ్యేసరికి నెలలు పడతాయి. పిల్లలు జీఆర్ఈకి చదువుకుంటున్నప్పుడే పెద్దవాళ్లు బీరువాలోని దస్తావేజులు తీసి చూసుకోవాలి.

ఇంటిపేరు సంగతి కూడా అప్పుడే చూడండి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క పొడి అక్షరమే, ఆధార్‌లో పూర్తిగా, పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీ. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో అసలు పేరు చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని పడుతుంది. బ్యాంకు ఖాతా నుంచి డ్రైవింగ్ లైసెన్సు దాకా అది వెంటాడుతుంది. ప్రాంతీయ పాస్‌పోర్టు కార్యాలయం సికింద్రాబాద్‌లోనే ఉంది. సరిచేయించుకోవడానికి ఆ ఏడాదిన్నరే మంచి సమయం.

కోర్సు ఎంచుకునేటప్పుడు పేరు చూసి మోసపోవద్దు. అమెరికాలో చదువయ్యాక ఓపీటీ కింద ఏడాది పనిచేయవచ్చు. స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సయితే మరో 24 నెలల పొడిగింపుకు దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకేలాంటి పేరున్న రెండు కోర్సుల్లో ఒకటి స్టెమ్ కావచ్చు, రెండోది కాకపోవచ్చు. అది తేల్చేది ఐ-20 మీద ఉండే కోడ్. లోన్ తీర్చడానికి దొరికే కాలం దాని మీదే ఆధారపడుతుంది కనుక, ఫీజు కట్టకముందే యూనివర్సిటీకి మెయిల్ పెట్టి అడగాలి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేదు. అయితే ఏడాది ఖర్చు కింద బ్లాక్డ్ ఖాతాలో 2024 సెప్టెంబరు నుంచి 11,904 యూరోలు చూపించాలి. 2022 నవంబరు నుంచి మనవాళ్లకు చదువు పత్రాలు పరిశీలించి ఇచ్చే ఏపీఎస్ సర్టిఫికెట్ కూడా తప్పనిసరి. అప్పుకు భయపడే ఇళ్లకు ఈ దారి నేను తప్పకుండా చెబుతాను.

సులభంగా సీటిచ్చే చోటును మాత్రం అనుమానించండి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ వీసా మోసం కేసులో మూతపడినప్పుడు మన తెలుగు పిల్లల్లో కొందరి కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019లో బయటపడిన ఫార్మింగ్‌టన్ యూనివర్సిటీ అమెరికా అధికారులే వల వేసి నడిపింది, అందులో పాఠం చెప్పే మనిషే లేడు. అమెరికా ప్రభుత్వ అధికారిక జాబితాలో పేరుండటం ఒక్కటే చాలదు. అక్కడ చదువుతున్నవాళ్లతో మాట్లాడాలి, వారంలో ఎన్ని క్లాసులో, పాఠాలు ఎవరు చెబుతున్నారో అడగాలి.

లోన్‌కు ముందు ప్రభుత్వ సాయం చూసుకోండి. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరిట ఉన్న విద్యానిధి, మైనారిటీలకు ముఖ్యమంత్రి ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉన్నాయి. అర్హతను బట్టి 20 లక్షల దాకా వస్తుంది, తిరిగి కట్టక్కర్లేదు. వీటికి కుల, ఆదాయ ధ్రువపత్రాలు కావాలి. ప్రకటన వచ్చేదాకా ఆగకుండా మీసేవలో దరఖాస్తు పెట్టి ఉంచండి.