సైనికసేవయు కళాశాలవిద్యయు

ప్రతిసంవత్సరమును డిసెంబరు 7వ తేదీకి పాఠశాలలలో చిన్న పతాకములు పంచి చందాలు వసూలు చేయుట మన విద్యార్థులెఱిగినదే. 1949వ సంవత్సరమునుండి జరుగుచున్న సాయుధదళ పతాకదినమిది. ఆ ధనములో కొంత మాజీ సైనికుల బిడ్డల చదువునకై వ్యయమగుచున్నదని యెఱిగినవారు తక్కువ. మన విశాఖపట్టణము తూర్పు నౌకాదళమునకు ప్రధానస్థానము గదా! నావికుల కుటుంబములు మనలో పెక్కు గలవు. అయినను కొందఱు తలిదండ్రులు తమకు న్యాయముగా రావలసిన సహాయమును గూర్చి తెలియక, కళాశాల జీతములకై అప్పులు చేయుచుండుట శోచనీయము. అందుచేత ఈ విషయమును సంగ్రహముగా వివరింప బూనితిమి.

సేవకు ప్రతిఫలముగా విద్య నొసగుట లోకమున క్రొత్త గాదు. అమెరికాలో 1944 జూన్ 22వ తేదీని రూజ్వెల్టు అధ్యక్షుడు సంతకము చేసిన శాసనమువలన, యుద్ధమునుండి మరలివచ్చిన సుమారు 22 లక్షలమంది కళాశాలలలో చదివిరి. అచ్చట సైనికుడే విద్యార్థి. మన దేశమున ఇట్టి సహాయము ముఖ్యముగా సైనికుని బిడ్డలకు లభించును.

ఇందు మొదటిది ప్రధానమంత్రి విద్యార్థివేతనము. ఇది 2006-07 నుండి కేంద్రీయ సైనిక బోర్డు ద్వారా ఇయ్యబడుచున్నది. ఇంజనీరింగు, వైద్యము మొదలగు వృత్తివిద్యలలో మొదటి సంవత్సరము చేరిన మాజీ సైనికుల బిడ్డలు దీనికి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఏటేట 5,500 మందికి లభించును. అందు సగము బాలికలకే. బాలికలకు నెలకు 3,000 రూపాయలు, బాలురకు 2,500 రూపాయలు. అర్హతపరీక్షలో నూటికి 60 మార్కులైనను రావలెను. యుద్ధమున మరణించినవారి బిడ్డలకు అగ్రస్థానము. తండ్రి యింకను కొలువులోనున్నచో ఇది వర్తింపదు. ఉక్కు కర్మాగారమును కాపాడు కేంద్ర పారిశ్రామిక భద్రతాదళమువారికి హోం మంత్రిత్వశాఖ పక్షమున వేఱొక పథకము గలదు.

రెండవది పతాకనిధినుండి వచ్చు విద్యాసహాయము. హవల్దారు హోదా వరకు, నౌకాదళమున దానితో సమానమైన హోదా వరకు పనిచేసి విరమించినవారి బిడ్డలలో ఇద్దఱికి, ఒకటవ తరగతి మొదలు పట్టపరీక్ష వరకు లభించును. నెలకు 1,000 రూపాయలుగా నుండిన ఈ మొత్తము 2025 నవంబరునుండి 2,000 అయినది.

మూడవది 1971 యుద్ధానంతరము ఏర్పడినది. ఆ డిసెంబరులో మన తీరమునకు చేరువనే ఘాజీ యను పాకిస్తాను జలాంతర్గామి మునిగెను. రణమున మరణించిన, శాశ్వతముగా అంగవికలురైన సైనికుల బిడ్డలకు బోధనరుసుము మొదలగునవి ప్రభుత్వమే భరించును. 2017లో దీనికి నెలకు 10,000 రూపాయల పరిమితి విధించి, 2018లో తొలగించిరి.

ఇక పై తరగతుల బాలురకొక మాట. 2022లో ఆరంభమైన అగ్నిపథమున సేవ నాలుగేండ్లు. నెలజీతములో నూటికి 30 వంతులు నిలిపి, ప్రభుత్వమును అంతే కలుపగా, తుదకు వడ్డీతో సుమారు 11.71 లక్షల రూపాయలు చేతికివచ్చును. ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయపు పట్టమునకు సేవాకాలపు శిక్షణ సగము లెక్కకు వచ్చును. కాని పింఛను లేదు. కొలువులో నిలుపుకొనబడువారు నూటికి 25 మందికి మించరు. కళాశాలకు పనికివచ్చు ఆ ధనములో సగము తాను కడుపుకట్టి దాచుకొన్నదే యని మఱవరాదు. దానినేమి చేయవలెనో చేరుటకు ముందే తలిదండ్రులతో ఆలోచింపవలెను.

తలిదండ్రులారా! బిడ్డ పేరును, పుట్టినతేదీని సేవాపత్రములలో సరిగా నున్నవో లేవో నేడే చూచుకొనుడు. పాఠశాల రికార్డునకును దానికిని ఒక్క అక్షరము భేదమున్నను చిక్కులు కలుగును. విరమణపత్రమును భద్రపఱచుడు; బిడ్డ పేర బ్యాంకు ఖాతా తెఱువుడు; గడువునకు ముందే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయమున విచారింపుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. ఇది భిక్షము గాదు. ఇల్లు విడిచి కడలిపై గడపిన సంవత్సరములకు రావలసిన శేషవేతనము.