ఎవరూ వినని స్వరం

క్రిస్మస్ దగ్గర పడుతోందంటే మా నరసాపురంలో సంఘ స్త్రీలు సాయంత్రం లేసు అల్లికలు పక్కన పెట్టి పాటల సాధనకు కూర్చుంటారు. మన కీర్తనలు అందరం ఒకే వరుసలో పాడుకుంటాం గనుక వాటితో ఇబ్బంది లేదు. నాలుగు స్వరాల పాట నేర్పబోయినప్పుడే చిక్కు వచ్చింది. నడిమి స్వరం ఇచ్చిన ఒక సహోదరి "అందరికీ పాట ఇచ్చి నాకీ ముక్కలిచ్చారేంటండీ అయ్యగారూ?" అని నొచ్చుకున్నారు. ఆమెకు జవాబుగా మేము అమెరికా స్త్రీల సంగతి ఒకటి చెప్పాము.

అక్కడ బార్బర్‌షాప్ గానమనే పద్ధతి ఉంది. వాద్యాలుండవు, నాలుగు స్వరాలే. ‘లీడ్’ పాట వరుసను పాడుతుంది. ‘టెనర్’ దానిపైన మెత్తగా పలుకుతుంది. ‘బాస్’ అడుగున పునాది వేస్తుంది. ఇక మిగిలింది ‘బారిటోన్’. ఆ మూడూ వదిలేసిన స్వరమేదో దాన్ని ఇది అందుకోవాలి, ఒకసారి లీడ్‌కు పైన, మరోసారి కింద. విడిగా వింటే అది పాటలాగే ఉండదు. కానీ అది ఆగిపోతే మిగతా మూడూ బోసిపోతాయి. నాలుగూ సరిగ్గా శ్రుతి కలిస్తే మాత్రం ఎవరూ పాడని ఐదో స్వరం పైన మోగినట్లు వినబడుతుంది!

ఈ గానం కోసం 1938లో ఓక్లహోమా రాష్ట్రంలోని టల్సాలో పురుషులు ఒక సంఘం పెట్టుకున్నారు. అందులో స్త్రీలకు చోటు లేదు. 1945లో అదే ఊళ్లో స్త్రీలు ‘స్వీట్ అడలైన్స్’ స్థాపించుకున్నారు. తలుపు బయట నిలబడిన బాధ తెలిసిన ఆ సంస్థే 1950వ దశకంలో సభ్యత్వం తెల్లజాతి స్త్రీలకే అని నియమం పెట్టింది. ఈ గానపు వేళ్లు నల్లజాతివారి పాటల్లోనే ఉన్నాయి గదా! ఆ నియమానికి ఒప్పుకోని కొన్ని శాఖలు బయటికి వచ్చి 1959లో ‘హార్మొనీ ఇన్‌కార్పొరేటెడ్’ను ఏర్పాటు చేసుకున్నాయి. 1966లో ఆ నియమం తొలగింది. పురుషుల సంఘం స్త్రీలకు పూర్తి సభ్యత్వం ఇచ్చింది 2018లో.

గొంతుల్లో రవ్వంత తేడాను పట్టుకోగలిగినవారికి మనుషుల మధ్య అపశ్రుతి వినబడలేదు. వారిని తప్పుపట్టేముందు మన సంగతి చూసుకుందాం. ఒకప్పుడు మేము క్వయర్‌కు పేర్లు రాసుకుంటూ, చక్కగా పాడతారని తెలిసి కూడా ఒక పేట స్త్రీలను పిలవలేదు. మరచిపోయామని చెప్పుకున్నాము. అది మరుపు కాదని దేవునికీ తెలుసు, మాకూ తెలుసు. వారు మాత్రం ఏమీ అనలేదు. వెనక చాప మీద కూర్చుని పాడుతూనే ఉన్నారు.

కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో పౌలు సంఘాన్ని శరీరంతో పోల్చాడు. బలహీనంగా కనబడే అవయవాలే మరింత అవసరమని ఆయన బోధ. అవసరమైనవారిని దయతలచి చేర్చుకున్నామనుకోవడం కూడా పొరపాటే. వారు లేనిదే మన పాట నిండదు.

మేము ఆ సహోదరిని "అమ్మా, లేసులో ఒక్క కుట్టు జారితే ఏమవుతుంది?" అని అడిగాము. "అల్లిందంతా ఊడిపోద్దండీ" అన్నారామె, నవ్వుతూ. నడిమి స్వరం ఇప్పుడు ఆమెదే. ఆమె పక్కన నిలబడి పాడేందుకు ఈసారి వెనక చాప మీది వారిని మేమే వెళ్లి పిలిచాము. ఆలస్యంగా పిలిచినందుకు క్షమాపణ కూడా అడిగాము.

ప్రియ పాఠకులారా, మీ సంఘంలో ఇంకా పిలుపు అందని గొంతు ఎవరిది? ఈ ఆదివారం వెనక వరుసల వైపు ఒకసారి చెవి పెట్టండి.