దిగే చోటు ఎట్లా ఎంచుతారు?

రాకెట్టును పైకి పంపడం ఒక ఎత్తు, పోయినదాన్ని క్షేమంగా దించడం మరొక ఎత్తు. ఆదోని, ఎమ్మిగనూరు నడుమ ఇంత బయలు ఉంది గదా, తిరిగివచ్చే అంతరిక్ష నౌకను ఇక్కడే దించకూడదా అని విద్యార్థులు నన్ను అడుగుతుంటారు. మంచి ప్రశ్నే. మన నేల మీదనే లెక్క వేసి చూద్దాం.

మొదటిది వేగం. భూమికి దగ్గరి కక్ష్యలో నౌక సెకనుకు సుమారు 7.8 కిలోమీటర్లు పోతుంది. వేగం తగ్గించే ఇంజనును నాలుగు సెకన్లు ఆలస్యంగా మండిస్తే చాలు, ఆదోనిలో దిగవలసింది ఎమ్మిగనూరు దాటిపోతుంది! పైగా గాలి ఒక రోజున్నట్లు ఇంకో రోజు ఉండదు. అందుకే శాస్త్రజ్ఞులు చుక్క పెట్టరు. కోడిగుడ్డు ఆకారంలో పొడుగాటి ప్రాంతం గీస్తారు. అందులో ఎక్కడ దిగినా ప్రమాదం ఉండరాదు.

రెండవది దారి. మన అక్షాంశం సుమారు 15.6 డిగ్రీలు. కక్ష్య వాలు అంతకంటే తక్కువైతే నౌక మన నెత్తిమీదికే రాదు. వచ్చినా, గంటన్నరలో ఒక చుట్టు తిరిగేసరికి భూమి 22.5 డిగ్రీలు తిరిగి, దారి మన దగ్గర 2,400 కిలోమీటర్లు పడమరకు జరుగుతుంది. అదను తప్పితే కాచుకోవలసిందే.

మూడవది అడుగున ఏముందన్నది. 1984 ఏప్రిల్ 11న రాకేశ్ శర్మ దిగింది కజకిస్తాన్ గడ్డిమైదానంలో. హైదరాబాదు మూలాలున్న రాజాచారి 2022 మే 6న ఫ్లోరిడా దగ్గర సముద్రంలో దిగాడు. అప్పట్లో అక్కడ ఏడు చోట్లు సిద్ధంగా ఉంచుకుని, గాలినీ అలలనూ చూసి ఒకటి ఖాయం చేసేవారు. మన ఇస్రో సంగతి చూస్తే, 2007 జనవరి 10న శ్రీహరికోట నుంచి పంపిన 550 కిలోల ఎస్.ఆర్.ఇ.-1ను జనవరి 22న బంగాళాఖాతంలోనే దించి, ఓడలతో తెచ్చుకున్నారు. రెక్కలున్నదానికైతే రన్‌వే కావాలి. బళ్ళారి దాటి పోతే వచ్చే చళ్లకెరె దగ్గర, 2023 ఏప్రిల్ 2న హెలికాప్టరు నుంచి వదిలిన నమూనా విమానం తనంతట తానే రన్‌వే మీద దిగింది.

2003 ఫిబ్రవరి 1న కొలంబియా ముక్కలై, కల్పనా చావ్లాతో సహా ఏడుగురు పోయారు. శకలాలు టెక్సాస్‌లో ఊళ్ల మీదా పొలాల మీదా పడ్డాయి. కింద ఎవరికీ దెబ్బ తగలకపోవడం అదృష్టం. చోటు ఎంచేవారు అదృష్టాన్ని నమ్ముకోలేరు గదా!

ఇక మన బయలు మాట. దూరం నుంచి ఖాళీగా కనిపించినా ఇక్కడ ఊళ్లున్నాయి, కరెంటు తీగలున్నాయి, కాలువలున్నాయి, ఆదోని కొండలున్నాయి. చేలల్లో కూలిజనం ఉన్నారు. అందుకని మన నల్లరేగడిని పత్తికే వదిలేద్దాం.