అనధ్యాయం నేర్పే పాఠం

నల్లపాడు నుండి హైదరాబాదు, బెంగళూరు వెళ్ళి ఉద్యోగాలు చేస్తున్న యువత నన్ను తరచు అడిగే ప్రశ్న ఒకటున్నది: "శాస్త్రిగారూ, వృత్తిలో ఎదగాలంటే ఇంటిని మరువక తప్పదా?"

సమాధానం మన విద్యాసంప్రదాయంలోనే ఉన్నది. నేను చదివిన సంస్కృత పాఠశాలలో పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమి, అమావాస్య తిథులలో పాఠం ఉండేది కాదు. దానికే అనధ్యాయమని పేరు. పరమపవిత్రమైన వేదాధ్యయనానికి సైతం శాస్త్రం విరామం విధించింది. అది పని ముగిసిన పిమ్మట మిగిలే సమయం కాదు. పంచాంగం ముందే నిర్ణయించిన దినం.

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో రాజుకు పగటిని 8, రాత్రిని 8 భాగాలుగా విభజించి, స్నానభోజనస్వాధ్యాయాలకు, నిద్రకు వేర్వేరు భాగాలు కేటాయించాడు. ధర్మార్థకామాలలో ఒకదానినే అతిగా సేవిస్తే అది తనను, తక్కిన రెండింటినీ పీడిస్తుందని హెచ్చరించాడు. మన ఉద్యోగం రాజ్యభారం కంటె బరువైనదా?

కనుక వారంలో ఒక పూటను ముందుగానే నిశ్చయించుకొని, కార్యాలయంలోనూ తెలియజేయండి. ఆ పూట ఫోను ప్రక్కన పెట్టి, తల్లిదండ్రులతో, బిడ్డలతో కలిసి భుజించండి. మిగిలిన దినాలలో శ్రద్ధగా శ్రమించండి.

ఎండనిదే మిరపకాయ నిలువ ఉండదు. అయినా మన రైతు దానిని అవసరానికి మించి కల్లంలో ఉంచడు. అతిగా ఎండితే రంగు తగ్గి, కాయ విరిగిపోతుంది. మనిషి శ్రమకూ అదే మేర.